ముప్పై నాలుగో ప్రశ్న

ఈ సంగతి రాయమంటావా అని అతన్నే అడిగాను.  "రాసుకో అన్నా. పేరొద్దు, ఊరొద్దు," అన్నాడు. అందుకని ఇందులో పేర్లు లేవు. నడికుడి దాటి లోపలికి పోతే నాపరాళ్ల క్వారీల మధ్య ఉన్న ఊళ్లలో అదొకటి అని మాత్రం చెప్పగలను.

నాకప్పుడు ముప్పై ఏళ్లు. సోషల్ వర్క్‌లో పీజీ చేసి, ఉద్యోగం దొరక్క, రొంపిచెర్ల దగ్గర మా ఊళ్లో రెండేళ్లు మా నాయనతో పాటు మిరప చేలో తిరిగాను. అది నావల్ల అయ్యే పని కాదని ఇద్దరికీ అర్థమయ్యాక నరసరావుపేటలో ఒక పరిశోధనలో చేరాను. పద్దెనిమిది నిండినవాళ్ల దగ్గర్నుంచి పాతికేళ్ల వాళ్ల వరకు, ఆడా మగా అందరినీ మూత్ర సమస్యల గురించీ లైంగిక ఆరోగ్యం గురించీ అడిగి రాసుకురావాలి. ఇంట్లో మాత్రం కిడ్నీల సర్వే అని చెప్పాను. మా ఎండలకీ మా నీళ్లకీ కిడ్నీలో రాళ్లు మామూలే కాబట్టి మా నాయన వెంటనే నమ్మాడు, ఊళ్లో అందరికీ అదే చెప్పాడు. నేను బండి మీద పోతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు, "ఏరా, ఇయ్యాల ఎన్ని రాళ్లు దొరికినయ్?" అని అడిగేవాళ్లు. నేనూ నవ్వేసి పోయేవాణ్ని. నిజం చెప్పే అవసరం తప్పినందుకు లోపల సంతోషించాను కూడా.

ఆ పని నడిపించేది ఒక డాక్టరమ్మ. మూత్రకోశ వ్యాధుల్లో ఆపరేషన్లు చేసే మనిషి, యాభై దాటి ఉంటాయి, నెమ్మదిగా మాట్లాడేది. మాకు వారం రోజులు ట్రైనింగ్ ఇచ్చింది. మూడో రోజున, కుర్రవయసు మగవాళ్లకు వృషణాల్లో వచ్చే కేన్సర్ ఒకటుందని చెప్పింది. ముందుగా చూపించుకుంటే నయమవుతుందనీ, చూపించుకోరనీ చెప్పింది. "దానికి నొప్పి ఉండదు. నొప్పి ఉంటే ఎవడైనా పరిగెత్తుకొస్తాడు. నొప్పి లేదు గనక దాచుకుంటాడు," అంది. ఆ సాయంత్రం రూముకు వెళ్లి, బాత్రూంలో కొళాయి తిప్పి నీళ్ల చప్పుడు చేస్తూ నన్ను నేను తడిమి చూసుకున్నాను. లోపల నేనొక్కణ్నే ఉన్నాను. అయినా కొళాయి ఎందుకు తిప్పానో ఆలోచించలేదు. అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

ట్రైనింగ్‌లో మాకు గట్టిగా చెప్పిన నియమాలు రెండు. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. ప్రశ్న అచ్చులో ఎలా ఉందో అలాగే చదవాలి, ఒక్క మాట మార్చకూడదు. తలా ఒక రకంగా అడిగితే జవాబులు పోల్చి చూడటానికి పనికిరావన్నారు. ముప్పై నాలుగో ప్రశ్న ఇలా ఉండేది: 'మీ వృషణాలలో ఎప్పుడైనా గడ్డగానీ, వాపుగానీ, బరువుగానీ గమనించారా?' ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఎవరో తెలుగులోకి దించిన ప్రశ్న. మేమెవరం దాన్ని గురించి మాట్లాడలేదు. చదువుకున్నవాళ్లం, మాకు అర్థమైంది.

ఆడపిల్లల్ని అడగడానికి నాతో పాటు ఒకావిడ చేరింది. నర్సింగ్ చదివింది, మాచర్ల వైపు మనిషి. ఆమె మిరప చేల గట్ల మీదా పత్తి మిల్లు గోడల పక్కనా కూర్చుని రాసుకొచ్చేది. చాటు లేక, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా పని చేసే పిల్లలు, జ్వరంతో నడుం పట్టుకుని కూడా పనికి వచ్చే పిల్లలు ఆమె కాగితాల నిండా ఉండేవాళ్లు. నా కాగితాలు మాత్రం శుభ్రంగా ఉండేవి. నేను అడిగిన కుర్రాళ్లకు రాళ్ల నొప్పి తప్ప ఇంకే బాధా లేదు. నా పని త్వరగా అవుతోందని ఆమె ఒకటి రెండుసార్లు అంది కూడా.

కార్తీక మాసంలో, పత్తి రెండో తీత నడుస్తుండగా, ఆ ఊరికి వెళ్లాను. అతనికి ఇరవై రెండేళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేసి క్వారీలో సొంత టిప్పర్ నడుపుతున్నాడు. ఒత్తయిన జుట్టు, పొడవాటి మనిషి. మాటకు ముందే చిన్నగా నవ్వేవాడు. వాళ్ల నాయన ఆ ఊళ్లో ఒక వర్గానికి పెద్ద, ఒకసారి సర్పంచిగా చేశాడు. ఇంటి ముందు ఎప్పుడూ నాలుగు బండ్లు ఆగి ఉండేవి. పెళ్లి కుదిరిందనీ, ఫాల్గుణంలో ముహూర్తమనీ వాళ్లమ్మ మజ్జిగ ఇస్తూ చెప్పింది.

వసారాలో నవారు మంచం మీద కూర్చుని మొదలుపెట్టాం. నీళ్లు ఎన్ని తాగుతావు, మంట ఉందా, రంగు మారిందా అని అడిగినవాటికి చకచకా చెప్పాడు. అప్పటికి మేమిద్దరమే ఉన్నాం. ముప్పై మూడో ప్రశ్న దగ్గర ఉండగా వాళ్ల నాయన బయటి నుంచి వచ్చి, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పేపరు విప్పాడు. చదవలేదు, మమ్మల్నే చూస్తున్నాడు. నియమం ప్రకారం నేను అక్కడ ఆపేయాలి. ఆయన ఇంట్లో ఆయన్ని లేచి పొమ్మనే ధైర్యం నాకు లేకపోయింది. గొంతు తగ్గించి తర్వాతి ప్రశ్న చదివాను.

"వృషణాలంటే ఏందన్నా?" అన్నాడు అతను.

నేను వాళ్ల నాయన వైపు చూసి, "అదే... కింద భాగం," అన్నాను.

అతని మొహంలో నవ్వు పోయింది. అర్థమైందని నాకు తెలిసింది. వాళ్ల నాయన పేపరు మడిచి తొడ మీద పెట్టుకున్నాడు. "ఏం లేదన్నా," అన్నాడు అతను. 'లేదు' దగ్గర టిక్కు పెట్టి పేజీ తిప్పాను.

వచ్చేటప్పుడు రోడ్డు దాకా నా వెనకే వచ్చాడు. ఆ కాగితాలు ఎవరెవరు చూస్తారని అడిగాడు. పేరుండదు, నంబరే ఉంటుందన్నాను. డాక్టర్లు చూస్తారా అన్నాడు. చూస్తారు, కానీ ఎవరివో తెలీదన్నాను. ఆ జవాబు అతనికి ధైర్యాన్నిచ్చిందో, ఉన్న ధైర్యాన్ని తీసేసిందో ఇప్పటికీ చెప్పలేను. బండి హ్యాండిల్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. నాకింకా నాలుగిళ్లు ఉన్నాయి. "ఇంకేమన్నా ఉందా?" అని అడిగాను, కిక్ కొడుతూనే. చెయ్యి తీసేశాడు.

పుష్యంలో ఒకరోజు డాక్టరమ్మ మమ్మల్ని ఆఫీసుకు పిలిచింది. మగవాళ్లను అడిగేవాళ్లం నలుగురం, ఆడపిల్లల్ని అడిగే ఆవిడ ఒకరు. బల్ల మీద మా ఫారాలు కట్టలు కట్టి ఉన్నాయి. ముప్పై నాలుగో ప్రశ్నకు ఒక్కరంటే ఒక్కరు కూడా ఉందని చెప్పలేదు. "ఇంతమంది కుర్రాళ్లలో ఒక్కడికి వాపు లేదా? ఒక్కడికి నీరు దిగిన బుడ్డ లేదా? నా ఓపీలో రోజూ చూస్తుంటానే. వాళ్లంతా ఎక్కడి నుంచి వస్తున్నారు?" అని అడిగింది.  ఇళ్లలో, చేలల్లో వృషణాలను ఏమంటారని అడిగింది. నలుగురం నేల చూపులు చూశాం. అందరికీ తెలిసిన మాటే. ఆడవాళ్ల ముందు అనే మాట కాదు.

"బీజాలు అంటారు మేడం," అంది మాచర్ల ఆవిడ. "మా ఊళ్లో గేదెల డాక్టరు కూడా అట్టాగే అంటాడు."

డాక్టరమ్మ మా నలుగురి చేత ఒక్కొక్కరి చేతా ఆ మాట పైకి అనిపించింది. నా వంతూ వచ్చింది. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే కళ్ల ముందు ఆ వసారా, ఆ కుర్చీ, ఆ పిల్లాడి మొహం కనపడ్డాయి. లేదన్న కుర్రాళ్లు అబద్ధం చెప్పలేదని అప్పుడర్థమైంది. చాలామందికి నేను అసలు ప్రశ్నే అడగలేదు. అర్థమైన ఒక్కడి ఎదుట వాళ్ల నాయన కూర్చుని ఉన్నాడు. ఆ సంగతి ఆ గదిలో చెప్పాను. డాక్టరమ్మ తిట్టలేదు. ప్రశ్న మార్చి, వెళ్లిన ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లమంది. ముందుగా ఆ ఇంటికే వెళ్లమని నాకు చెప్పింది.

మాఘంలో వెళ్లాను. కోతలు మొదలై దారి పొడుగునా మిరప కళ్లాల ఘాటు. అతని టిప్పర్ ఇంటి పక్కన దుమ్ము కొట్టుకుని ఉంది. చాలా రోజులుగా కదల్లేదని టైర్ల కింద మొలిచిన గడ్డి చూస్తే తెలిసింది. అతను లోపలి నుంచి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. పెళ్లి దగ్గర పడుతోంది కదా, దిగులు పెట్టుకున్నాడని వాళ్లమ్మ నవ్వుతూ అంది. కానీ ఆమె కళ్లు నవ్వలేదు. వాళ్ల నాయన ఊళ్లో లేడు, శుభలేఖలు పంచడానికి గురజాల వెళ్లాడు. అలా నడిచొద్దాం రమ్మని అతన్ని పత్తి చేను గట్టు మీదికి తీసుకెళ్లాను. ఆ కాస్త దూరానికే రెండుసార్లు ఆగి దగ్గాడు.

ఈసారి కాగితం తీయలేదు. మా ఊరి మాటల్లో, అతని మొహం చూస్తూ అడిగాను.

"ఉందన్నా," అన్నాడు. "నువ్వు మొదటిసారి వచ్చినప్పుడే ఉంది. అప్పుడు కుంకుడుకాయంత. ఇప్పుడు చానా పెరిగింది. రాయి లెక్క ఉంటది. నొప్పి మాత్రం లేదు."

మిగతాది ఆగి ఆగి చెప్పాడు. వేసవి నుంచీ ఉందట. ఎవరికి చెప్పాలో తెలియలేదు. సంతకు వ్యాను వేసుకొచ్చే ఒక వైద్యుడి దగ్గరికి తానే పోయాడు. ఆయన చూడను కూడా చూడలేదు. పాడు అలవాట్ల వల్ల నరం గడ్డ కట్టిందన్నాడు. పొట్లాలు ఇచ్చాడు. పెళ్లి లోపల కరిగిపోతుందనీ, డాక్టరుకు చూపిస్తే కోసి పారేస్తారనీ, ఆ తర్వాత పెళ్లికి పనికిరావనీ చెప్పాడు. ఆర్నెల్లుగా ఆ పొడి పాలల్లో కలుపుకుని తాగుతున్నాడు. ఇదంతా తాను చేసుకున్నదేననీ, తన తప్పుకు శిక్ష అనీ అతని నమ్మకం.

అలవాట్లకూ దీనికీ సంబంధం లేదని, ఇది ఎవరికైనా రావచ్చని, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. రేపే నరసరావుపేట రమ్మని బతిమాలాను. పెళ్లయ్యాక వస్తానన్నాడు. పెళ్లికి మూడు వారాలుంది. ఇంట్లో, ఊళ్లో ఎవరికీ చెప్పనని తన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆ చెయ్యి వేడిగా, తడిగా ఉంది.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. దగ్గు ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. నడుం నొప్పి ఉందా అంది. రెండు నెలలుగా దగ్గుతున్నాడట, నడుం నొప్పికి రోజూ బిళ్ల వేసుకుంటున్నాడట అన్నాను. "అతను పెద్దవాడు. అతను ఒప్పుకోకుండా ఇంట్లో చెప్పే హక్కు మనకు లేదు. కానీ ఒప్పించడం మానొద్దు. రోజూ ఒప్పించు," అంది. ఆమె గొంతులో తొందర నేను వినడం అదే మొదలు.

రోజూ ఫోన్ చేశాను. రెండు రోజులు ఎత్తాడు. మూడో రోజు నుంచి ఎత్తలేదు. ఐదో రోజు మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఈసారి వాకిట్లోనే వాళ్ల నాయన ఎదురయ్యాడు. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు ఉన్నారు. కూర్చోమనలేదు.

"ఏమయ్యా, మా ఇంటి చుట్టూ తిరుగుతున్నావంట. ఎవరు పంపిస్తున్నారు నిన్ను?"

సర్వే పని మీద వచ్చానన్నాను. ఆయన నమ్మలేదు. కొడుకులో ఏదో లోపముందని పుట్టించి, ఆ మాట ఆడపిల్లవాళ్ల చెవిన వేసి, సంబంధం చెడగొట్టాలని అవతలి వర్గంవాళ్లు నన్ను పెట్టారని ఆయన అనుమానం. ఆ ఊళ్లో ఆయనకు ప్రతి దాని వెనకా అవతలివాళ్లే కనపడతారు. నేను గట్టు మీద తన కొడుకుతో నిలబడి ఉండగా ఎవరో చూసి చెప్పారట. చెప్పాల్సిన నిజం నా నోటి దాకా వచ్చింది. ఆయన కొడుకు కిటికీ ఊచల వెనక నిలబడి నన్నే చూస్తున్నాడు. మాట మింగేశాను.

తిరుగు దారిలో ఒక బండి నా వెనక పడింది. ఆపితే ఆగుతోంది, పోతే వస్తోంది. నడికుడి గేటు పడి ఉంటే ఆగాను. ఆ బండి నా పక్కనే వచ్చి ఆగింది. మిట్టమధ్యాహ్నం, చుట్టూ లారీలు, మనుషులు. వెనక కూర్చున్నవాడు నా వైపు చూడకుండా, పట్టాల వైపు చూస్తూ, "అన్నా, ఇంకోసారి ఈ రోడ్డున రామాక," అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. గూడ్సు బండి పోయేదాకా మేం ముగ్గురం పక్కపక్కనే నిలబడి ఉన్నాం. గేటు లేచాక వాళ్లు వెనక్కి తిరిగారు. వెనక లారీ హారన్ కొట్టేదాకా నేను బండి తీయలేదు.

ఆ తర్వాత వారం నేను అటు వెళ్లలేదు. భయమేసి వెళ్లలేదు. డాక్టరమ్మకు మాత్రం, అతను ఫోన్ ఎత్తడం లేదని చెప్పాను. అది నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఫారాలు రాసిన ప్రతి రోజూ, వేరే ఊళ్లలో వేరే కుర్రాళ్లను అడిగిన ప్రతిసారీ, ముహూర్తానికి ఎన్ని రోజులుందో అనుకోకుండానే గుర్తుకొచ్చేది.

వాళ్లమ్మ తానే వచ్చింది. శివరాత్రికి ముందు రోజు, తిరునాళ్ల బస్సుల్లో పడి నరసరావుపేట వచ్చి, నేను మొదటిసారి వాళ్లింట్లో వదిలిన కాగితం మీది అడ్రసు చూపించుకుంటూ మా ఆఫీసు మెట్లెక్కింది. నేను, డాక్టరమ్మ, మాచర్ల ఆవిడ ఉన్నాం. డాక్టరమ్మ ముందు కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది. కొడుకు పక్క బట్టలు ఉతుకుతుంటే నెత్తుటి మరకలు కనపడ్డాయంది. దగ్గినప్పుడు పడ్డవి. అడిగితే పళ్ల చిగుళ్లన్నాడట.

"నాయనా, వాడు నీకేదో చెప్పాడు. నాకు చెప్పడు. నువ్వు చెప్పు," అంది నాతో.

నేను డాక్టరమ్మ వైపు చూశాను. నా చేతిలో అతని చెయ్యి తడి ఇంకా ఉన్నట్టే ఉంది. "నేను చెప్పకూడదమ్మా," అన్నాను. అంతకంటే క్రూరమైన మాట నేనెవరితోనూ అనలేదు. ఆమె మొహం చూస్తే, నేను చెప్పకుండానే అంతా చెప్పేశానని తెలిసింది. డాక్టరమ్మ లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడింది. ఏం జరిగిందని అడగొద్దు, ఒక్కసారి తీసుకురండి, మిగతాది నేను చూసుకుంటానంది. మాచర్ల ఆవిడ ఆమెను కింద బస్సు దాకా దింపి వచ్చింది. దారిలో ఆమె ఏడవలేదట. భర్తను ఎలా తప్పించుకోవాలో పైకే ఆలోచించుకుంటూ నడిచిందట.

తిరునాళ్ల జనం తగ్గాక, పెళ్లికి ముందు కోటప్పకొండ మొక్కు తీర్చుకొస్తామని ఇంట్లో చెప్పి కొడుకును బయల్దేరదీసింది. నిజంగానే కొండకు వెళ్లారు. మెట్ల దారిన ఎక్కలేక కారులోనే పైకి వెళ్లి, దణ్ణం పెట్టుకుని, దిగాక ఆమె డ్రైవరుకు ఆస్పత్రి వైపు తిప్పమని చెప్పింది. కొడుకు కాదనలేదట. అప్పటికే అతనికి కాదనే ఓపిక లేదు. బొట్లతో, ప్రసాదం సంచీతో ఇద్దరూ ఓపీలో కూర్చుని ఉండగా నేను వెళ్లాను. అతను నన్ను చూసి, "నేనే చెప్పా అన్నా, అమ్మకి. కొండ మీద," అన్నాడు. నన్ను మాట నుంచి విడిపించడానికే ఆ సంగతి ముందు చెప్పాడని తర్వాత అనిపించింది.

రక్తం తీశారు, స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ తెర మీది బొమ్మను చాలాసేపు చూసింది. కేన్సర్ పొట్టలోకి పాకింది, ఊపిరితిత్తుల్లోకి పాకింది. తల్లిని బయట కూర్చోబెట్టి అతనికి ముందు చెప్పింది. ఆపరేషన్ చేసి ఆ బీజం తీసేయాలనీ, తర్వాత గుంటూరులో మందులు ఎక్కించుకోవాలనీ, ఇంత పాకినా ఈ జబ్బు మందుకు లొంగుతుందనీ, అయితే లొంగుతుందని మాట ఇవ్వలేననీ చెప్పింది. మందుల వల్ల పిల్లలు పుట్టకపోవచ్చు కాబట్టి ముందే వీర్యం దాచే ఏర్పాటు చేయిస్తానంది. అన్నీ మామూలు మాటల్లో, తొందర లేకుండా చెప్పింది. అతను తల ఊపుతూ విన్నాడు. బయటికొచ్చాక నన్ను మెట్ల పక్కకు పిలిచాడు.

"ఒక్కటి తీసేస్తే నేను మగాణ్ణే గదన్నా?"

ఒక్కటి చాలు, సంసారానికి అడ్డం లేదు, డాక్టరమ్మను అడిగి చెబుతున్న మాటే అన్నాను. ఇంత జబ్బు ఒంట్లో ఉండగా అతనికి ముందుగా పుట్టిన భయం అదీ. ఆ వ్యాను వాడు నాటి పోయిన భయం. చావు సంగతి అతను ఆ రోజు అడగనే లేదు.

ముహూర్తం రోజున అతను గుంటూరులో మొదటి విడత మందుల మీద ఉన్నాడు. ఆడపిల్లవాళ్లు రెండు రోజులు ఎదురు చూసి సంబంధం వదులుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. ఆ అమ్మాయి ఒక్కసారి ఫోన్ చేసిందట, ఎట్టా ఉంది అని మాత్రం అడిగిందట. అతని నాయన పదిహేను రోజులు ఆస్పత్రి గడప తొక్కలేదు. కొడుక్కి జుట్టంతా రాలిపోయి, నోరంతా పుళ్లు పడి, మంచినీళ్లు కూడా దిగని రోజుల్లో వచ్చాడు. లోపలికి వెళ్లకుండా వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. తెల్ల చొక్కా నలిగి ఉంది. వెంట ఎవరూ లేరు. నేను ఆ వైపు వెళ్లలేక ఆగిపోతే, చేత్తో సైగ చేసి పిలిచి పక్కన కూర్చోమన్నాడు.

"ఆ రోజు నేనొచ్చి కూర్చోకపోతే వాడు నీకు చెప్పేవాడా?" అన్నాడు.

చెప్పేవాడు కాదని ఒక్క మాట అంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. "ఏమో బాబాయ్. నేను కూడా సరిగ్గా అడగలేదు," అన్నాను. ఆయన తల ఊపాడు.  కాసేపటికి లేచి లోపలికి వెళ్లాడు. కొడుకు మంచం దగ్గర ఏం మాట్లాడాడో తెలియదు. ఆ రోజు నుంచి మందులు అయ్యేదాకా ఆయనే అతని పక్కన ఉన్నాడు.

నాలుగు విడతలు అయ్యాయి. ఊపిరితిత్తుల్లో మచ్చలు తగ్గాయి, ఒకటి రెండు మిగిలాయి. అవి చచ్చిన మచ్చలో బతికున్నవో కాలమే చెప్పాలంది డాక్టరమ్మ. మూడు నెలలకోసారి స్కానింగ్ తీస్తారు. అతను టిప్పర్ అమ్మేశాడు. జుట్టు మళ్లీ వచ్చింది, ఇదివరకంత ఒత్తుగా కాదు. ఊళ్లో ఇంకా ఎవరూ జబ్బు పేరు పైకి అనరు. కిడ్నీ ఆపరేషన్ అంటారు.

మారిన ప్రశ్నతో నేను వెళ్లిన ఇళ్లన్నీ మళ్లీ తిరిగాను. ఈసారి ఉందన్న వాళ్లు దొరికారు. ఎక్కువమందికి బుడ్డ, కొందరికి నరాల వాపు, భయపడాల్సింది కాదు. అలాంటివాళ్లలో సగం మంది ఆ వ్యాను పొట్లాలు వాడినవాళ్లే. ఆ వ్యాను గురించి డాక్టరమ్మ పైవాళ్లకు కాగితం పెట్టింది. కొన్నాళ్లు సంతలో కనపడలేదు. తర్వాత రంగు మార్చి కృష్ణ అవతల తిరుగుతోందని విన్నాను. మా జాబితాలో ఇద్దరు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. పనికి హైదరాబాద్ పోయారన్నారు, అడ్రసు తెలీదన్నారు, నంబర్లు పనిచేయలేదు. వాళ్లను మొదటిసారి అడిగింది నేనే.

ఇప్పుడు మా నాయనకు నా పని ఏమిటో తెలుసు. నేనే చెప్పాను, బీజాల పరీక్ష అని, అన్నం తింటుండగా. ఆయన ముద్ద ఆపి, మళ్లీ కలుపుకున్నాడు. మా అమ్మ లేచి లోపలికి పోయింది. మర్నాడు పొద్దున చేలో, తనకు పెళ్లికి ముందు నుంచే బుడ్డ ఉందనీ, నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదనీ ఆయన అన్నాడు. వచ్చే వారం చూపిద్దామన్నాను. చూద్దాంలే అన్నాడు.

నిన్న అతను ఫోన్ చేశాడు. ఊళ్లో సంగతులు చెప్పాడు, మిరప ఎలా ఉందో అడిగాడు. పెట్టేసే ముందు, నాలుగు రోజులుగా మళ్లీ దగ్గు వస్తోందన్నాడు. గాలి మారింది గదన్నా, అందరికీ వస్తోంది, అన్నాడు. అవును, అందరికీ వస్తోంది అన్నాను. స్కానింగ్‌కు ఇంకా నెల ఉంది. అప్పటిదాకా ఆగొద్దు, సోమవారం పొద్దున తొమ్మిదికల్లా నాయన్ని తీసుకుని వచ్చేయమన్నాను. సరే అన్నాడు. డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ఇంకేమీ అడగలేదు, ఎక్స్‌రే వాళ్లకు చెప్పి ఉంచుతానంది.